నార్మలమ్మ పంటినొప్పి

మా అమ్మమ్మను ఇంట్లో మేమెవరమూ నార్మల్ అని ఏనాడూ అనుకోలేదు. తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, మెట్లన్నీ దిగి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి మూడోసారి లాగి చూసే మనిషిని ఆ మాట ఎలా అనగలం? కానీ ఆవిడ పనిచేసిన చోట మాత్రం ఆవిడ పేరే నార్మలమ్మ. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు.

ఆ పనిచేసే చోటు యూనివర్సిటీలో రక్తం మీద పరిశోధన చేసే లేబొరేటరీ. పెద్దాసుపత్రి వెనకాల, మూడో అంతస్తులో, ఒక పొడుగాటి వరండాకి చివర ఉండేది. దెబ్బ తగిలితే రక్తం ఆగని మనుషుల్ని ఆసుపత్రి వాళ్ళు అక్కడికి పంపేవారు. మన రక్తంలో ప్లేట్‌లెట్లని సన్నటి రేణువులుంటాయి. ఎక్కడైనా తెగిందంటే చాలు, పరుగెత్తుకొచ్చి ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా కూర్చుని కన్నం మూసేస్తాయి. కొందరి ప్లేట్‌లెట్లకి ఈ గుంపు కట్టడం రాదు. ఎందుకు రాదో కనిపెట్టడమే ఆ లేబొరేటరీ పని.

కనిపెట్టే పద్ధతి చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. రక్తాన్ని గిర్రున తిప్పితే పైకి పసుపురంగు నీరు తేలుతుంది. ప్లేట్‌లెట్లు అందులో ఉంటాయి కాబట్టి అది మబ్బుగా ఉంటుంది. దాన్ని వేలెడంత గాజు గొట్టంలో పోసి, యంత్రంలో పెట్టి, ఒక చుక్క మందు వేస్తారు. ప్లేట్‌లెట్లు గుంపు కడితే నీరు తేటపడి, వెలుతురు అవతలికి దూసుకుపోయి, తెర మీద గీత పైకి లేస్తుంది. గుంపు కట్టకపోతే గీత చాప మీద పడుకున్నట్టు పడుకునే ఉంటుంది.

ఇక్కడే మా అమ్మమ్మ గొప్పతనమంతా ఉంది. జబ్బుమనిషి గీత పడుకుందంటే జబ్బు వల్ల పడుకుందా, మందు పాడై పడుకుందా, యంత్రం చెడి పడుకుందా అని తెలియాలి కదా. అందుకని అదే రోజు, అదే మందుతో, అదే యంత్రంలో ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా పెట్టి చూస్తారు. అతని గీత లేస్తేనే ఆ రోజు చేసిన పని లెక్కలోకి వస్తుంది. లేకపోతే ఆ రోజంతా నీళ్ళపాలే. ఈ ఆరోగ్యవంతుడి కోసం ఊళ్ళో వెతుక్కోలేక, లేబొరేటరీల్లో ఎక్కడైనా చేసే పనే అక్కడా చేశారు. తమలో ఒకరిని పట్టుకున్నారు. మా అమ్మమ్మ అప్పుడు పడుచు వయసులో ఉన్న టెక్నీషియన్. అందరి రక్తమూ తీసి చూస్తే ఆవిడ గీత ఒక్కటే నిచ్చెన వేసుకుని ఎక్కినట్టు చకచకా ఎక్కేసిందట. ఆ రోజు నుంచి మంగళవారం మంగళవారం ఆవిడ ఒక కుర్చీలో కూర్చుని చెయ్యి చాపేది. ఆ రక్తమే అందరికీ నార్మల్.

ఆవిడకి దీని మీద ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. పరిశోధన పత్రికల్లో బొమ్మలు పడేవి. జబ్బుమనుషుల గీతలు కింద ఎక్కడో, వాటి పైన ఠీవిగా ఒక నల్ల గీత. ఆ గీత మా అమ్మమ్మ. ఒక పేజీ తెచ్చి బీరువా తలుపుకి లోపలివైపు అతికించుకుంది. పెళ్ళిఫొటో ఎక్కడుందో అడిగితే చెప్పలేకపోయేది గానీ, ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ బీరువా దగ్గరికి లాక్కెళ్ళి, "ఇదిగో, ఇది నేనే" అని చూపించేది. బొమ్మలో మొహం ఎక్కడుందా అని వచ్చినవాళ్ళు వెతుక్కునేవాళ్ళు.

వచ్చినవాళ్ళు అన్నాను గానీ, ఎవరొచ్చేవాళ్ళని? తాతయ్య నడివయసులోనే పోయాడు. మా అమ్మ పెళ్ళయి వేరే ఊరు వెళ్ళింది. రెండు గదుల ఇంట్లో ఆవిడా, ఆవిడ బీరువా. ఆదివారం అమ్మ ఫోన్ చేసేది. అందులో సగం నేను వెనకాల గుక్కపట్టి ఏడవడం, మిగతా సగం అమ్మ నన్ను కసరడం. "ఉంటానే అమ్మా, వీడు పాలు ఒలకబోశాడు" అనేసరికి ఫోన్ అయిపోయేది. అందుకు నన్ను క్షమించాల్సింది అమ్మమ్మే. ఆవిడేమో ఎప్పుడూ నన్నే వెనకేసుకొస్తుంది.

నార్మల్‌గా ఉండడానికి ఒక నియమం ఉంది. నొప్పి మాత్ర వేసుకోకూడదు. జ్వరం మాత్ర పరవాలేదు గానీ, ఆస్పిరిన్ లాంటిది ఒక్కటి గొంతు దిగిందంటే ప్లేట్‌లెట్లు వారం పైన మొద్దుబారిపోతాయి. గీత లేవదు. మా అమ్మమ్మ ఈ నియమాన్ని నిష్ఠగా పాటించింది. కాలు బెణికితే కుంటింది, తల పగిలిపోతుంటే తడిగుడ్డ కట్టుకుంది, మందుల షాపులో ప్రతి అట్టనీ వెనక్కి తిప్పి చదివి గానీ డబ్బు తీసేది కాదు. షాపు అతనికి ఆవిణ్ణి చూస్తేనే నీరసం వచ్చేది.

ఆ లేబొరేటరీలోకి ఒక పరిశోధక పిల్ల వచ్చి చేరింది. సన్నగా, పొడుగ్గా, ఒకచోట కాలు నిలవకుండా ఈ బల్ల నుంచి ఆ బల్లకి ఎగురుతూ ఉండేది. అమ్మమ్మ ఆ పిల్లకి తూనీగ అని పేరు పెట్టింది. ఎక్కణ్ణుంచో వచ్చి హాస్టల్లో ఉండేది. మంగళవారం అమ్మమ్మకి రక్తం తీసే పని ఆ పిల్లకి పడింది. అంతకుముందు తీసినవాళ్ళు "మందులేమైనా వేసుకున్నారా?" అని ఒక్క ప్రశ్న అడిగి సూది గుచ్చేవాళ్ళు. తూనీగ వచ్చాక ప్రశ్నలు పెరిగాయి.

"రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?"

"పట్టింది. మధ్యలో ఓసారి లేచాను."

"ఎందుకు లేచారు?"

"పక్కవాటా వాళ్ళు కుళాయి సరిగ్గా కట్టలేదు. చుక్కా చుక్కా పడుతుంటే లెక్కపెడుతూ కూర్చున్నా."

"ఆదివారం ఎవరైనా వచ్చారా ఇంటికి?"

"గ్యాసు సిలిండర్ అతనొచ్చాడు."

"ఏమన్నాడు?"

"ఖాళీది ఇవ్వండి అన్నాడు. ఇచ్చాను."

"భోంచేశారా సరిగ్గా?"

"ఒక్కదానికి ఏం వండుకుంటాంలే. నిన్నటిది ఉంటే వెచ్చబెట్టుకున్నా."

"మందులేమైనా వేసుకున్నారా?"

"లేదు."

అప్పుడు సూది. మా అమ్మమ్మ ఇవన్నీ సైన్సు అనుకుంది. నిద్ర లేకపోతే ప్లేట్‌లెట్లు చిరాకు పడతాయి కాబోలు, తిండి సరిగ్గా లేకపోతే నీరసపడతాయి కాబోలు, ఇంటికి మనుషులొస్తే వాటికేం అవుతుందో తెలియదు గానీ చదువుకున్నవాళ్ళు ఊరికే అడగరు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అందుకని జవాబులు కూడా యంత్రం ముందు నిలబడి చెప్పినట్టు జాగ్రత్తగా చెప్పేది. సోమవారం సాయంత్రం నుంచే జవాబులు కూర్చుకునేది. చెప్పడానికి ఏమీ లేదనిపిస్తే, ఏదైనా జరుగుతుందేమోనని వీధిలోకి వెళ్ళి ఓ చుట్టు తిరిగొచ్చేది. వారం మొత్తంలో ఆవిడ నిద్ర గురించి అడిగే మనిషి ఇంకొకరు లేరు. ఈ సంగతి ఆవిడ నాతో ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అలా ఉండగా ఒకరోజు పెద్దసారు, అంటే ఆ లేబొరేటరీకి అధిపతి, ఆవిణ్ణి పిలిచాడు. మంచి మనిషే, కానీ మాట అనేశాక అవతలివాళ్ళ మొహం చూసే అలవాటు లేదు.

"నార్మలమ్మా, మీకూ వయసొస్తోంది. ఇవాళ కాకపోతే రేపు మోకాళ్ళ మాత్రో, బీపీ మాత్రో మొదలవుతుంది. అప్పుడు చెప్పండి, వేరే మనిషిని చూసుకుందాం."

"నాకేం సార్, గుండ్రాయిలా ఉన్నా."

"ఉండండి, ఉండండి. మొదలయినప్పుడే చెప్పండి" అని ఆయన కాగితాల్లో తల దూర్చేశాడు.

గుండ్రాయికి ఆ నెలలోనే పన్ను నొప్పి మొదలైంది. కుడివైపు, వెనకాల, కింద పన్ను. మొదట్లో చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. తర్వాత ఏ నీళ్ళూ అక్కర్లేకుండానే జివ్వుమనడం నేర్చుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నానికి చెంప ఉబ్బి, చెవిలోకి, కణతలోకి పాకి, కళ్ళ ముందు మిణుగురులు ఎగిరాయి. ఆవిడ గబగబా మందుల షాపుకి వెళ్ళి, "పంటికి ఏదో ఒకటివ్వు నాయనా" అంది. ఈవిడ అట్ట తిప్పకుండా కొనడం షాపు అతను జీవితంలో మొదటిసారి చూశాడు. మనసు మార్చుకుంటుందేమోనని వెంటనే ఇచ్చేశాడు. అక్కడే వాళ్ళ నీళ్ళతోనే మింగేసింది.

సాయంత్రానికి నొప్పి తగ్గింది. తగ్గాక అట్ట వెనక్కి తిప్పింది. ఆస్పిరిన్. ఆవిడ నాలుక కరుచుకుంది. పన్ను ఉన్నవైపే కరుచుకుంది, ఆవిడ అదృష్టం అలాంటిది.

అదే సమయానికి మా అమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఒక చిక్కు వచ్చిందే."

"ఏమైంది?"

"పన్ను నొప్పెట్టి ఒక మాత్ర వేసుకున్నా. మంగళవారం..."

"పన్నేగా! పీకించేసుకో అమ్మా, దానికింత ఆలోచనెందుకు? ఒరేయ్, గోడ మీద కాదురా, కాగితం మీద! ఉండమ్మా, వీణ్ణి..."

అంతే. ఆ గోడ మీద నేను గీసింది ఏనుగు. బాగానే వచ్చింది కూడా.

మంగళవారం కుర్చీలో కూర్చుంది. తూనీగ పట్టీ కట్టి, నరం తడుముతూ అన్నీ అడిగింది. నిద్ర, తిండి, ఇంటికొచ్చిన మనుషులు. చివరికి, "మందులేమైనా వేసుకున్నారా?"

వేసుకున్నానంటే పెద్దసారుకి తెలుస్తుంది. "మొదలైందన్నమాట" అంటాడు. కుర్చీలోకి వేరే మనిషి వస్తాడు. ఈ పిల్ల అతన్ని అడుగుతుంది నిద్ర పట్టిందా అని.

"లేదు" అంది అమ్మమ్మ.

ఆ రోజు గీత లేవలేదు. ప్రాణం లేని పాములా అడ్డంగా పడి ఉంది. తూనీగ యంత్రాన్ని తట్టింది, మందు మళ్ళీ వేసింది, మళ్ళీ వేసింది. "మందు పాడైనట్టుంది" అని సీసా మొత్తం పారబోసింది. మా అమ్మమ్మ గాజు గొట్టాలు కడుగుతూ వీపు ఇటు తిప్పి నిలబడింది. ఒక్క వారమే కదా, వచ్చే మంగళవారానికి రక్తం బాగుపడుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అనుకుంది.

పన్ను అలా అనుకోలేదు. దానికి ఒకసారి మాత్ర రుచి తగిలింది. వారం తిరక్కుండానే మళ్ళీ లేచి కూర్చుంది. తడిగుడ్డకి లొంగలేదు, ఉప్పునీళ్ళకి లొంగలేదు. ఆవిడ డబ్బాలో మిగిలిన మాత్రల వైపు చూడకూడదనుకుంటూ చూసి, చూసి, మింగింది. ఒకసారి తప్పు చేసినవాళ్ళకి రెండోసారి పెద్ద బరువు అనిపించదేమో. మంగళవారం మళ్ళీ "లేదు" అంది. గీత మళ్ళీ పడుకుంది.

ఈసారి తూనీగ యంత్రం విప్పించింది. కొత్త మందు తెప్పించింది. స్టోర్సులో ఉండే ఆయనతో పోట్లాడి మరీ తెప్పించింది. ఆ స్టోర్సు ఆయన్ని అందరూ లేదుగారు అనేవాళ్ళు. ఏమడిగినా ముందు "లేదు" అని, ఆ తర్వాత వెతికి ఇచ్చే రకం. యంత్రం బాగు చేసేవాడొచ్చి, యంత్రానికి ఏ రోగమూ లేదని చెప్పి వెళ్ళాడు. ఇక మిగిలింది తూనీగ చేతులే. ఆ పిల్ల తన వేళ్ళని తిప్పి తిప్పి చూసుకోవడం అమ్మమ్మ చూసింది. బల్లల మధ్య ఎగరడం మానేసి, ఒకేచోట కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం కూడా చూసింది. చూసి ఏం చేసింది? ఇంటికెళ్ళి, తాళం మూడుసార్లు లాగి చూసుకుని పడుకుంది. శనివారం ఇంకో మాత్ర వేసుకుంది.

సోమవారం సాయంత్రం అందరూ వెళ్ళిపోతుండగా తూనీగ ఆవిడ పక్కకి వచ్చి నిలబడింది.

"రేపు ఒక వడ్రంగాయన వస్తున్నాడమ్మా. చాలా దూరం నుంచి. ఉలి తగిలితే రక్తం ఆగదట. పని మానుకుని వస్తున్నాడు, మళ్ళీ మళ్ళీ రమ్మనలేం."

"రానీ. తీద్దాం."

"రేపు కూడా మీ గీత లేవకపోతే పెద్దసారుతో చెప్పేస్తా. నా చేతుల్లోనే ఏదో ఉంది. ఈ పని ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటా, ఇంటికి పోతా."

"అలాంటి మాటలెందుకే తల్లీ."

"మరేం చెయ్యను? మీరైనా చెప్పండి, నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో. ఇన్నేళ్ళుగా చూస్తున్నారు కదా!"

అమ్మమ్మ నోరు తెరిచింది. పన్ను జివ్వుమంది. మూసేసింది.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఎడమచేతికి కట్టు. ఆ కట్టుకి పైన ఇంకో కట్టు. కూర్చున్న బల్ల కాలు కుంటుతోందని గమనించి, కిందకి వంగి, ఒక కాగితం మడిచి కాలికింద పెట్టి సరిచేశాడు. అమ్మమ్మే అతని చేతి నుంచి రక్తం తీసింది. సూది తీశాక దూది నొక్కి పట్టుకుని నిలబడింది. ఎంతసేపు పట్టుకున్నా దూది ఎర్రబడుతూనే ఉంది. "అలవాటేనమ్మా, నేను పట్టుకుంటాలెండి, మీ చెయ్యి నొప్పెడుతుంది" అన్నాడతను.

ఆ తర్వాత ఆవిడ వంతు. కుర్చీలో కూర్చుంది. తూనీగ పట్టీ కట్టింది. ఆ రోజు నిద్ర గురించి అడగలేదు. తిండి గురించి అడగలేదు. ఇంటికి ఎవరొచ్చారని అడగలేదు. అమ్మమ్మ దగ్గర పక్కవాటా వాళ్ళు కుళాయి మార్పించిన సంగతి సిద్ధంగా ఉంది. అది అలాగే ఉండిపోయింది.

"మందులేమైనా?" అంది తూనీగ, నరం వైపు చూస్తూ.

"వేసుకున్నాను."

తూనీగ చేతిలో సూది ఆగింది.

"ఏంటి?"

"పన్ను నొప్పికి. ఆస్పిరిన్. శనివారం వేసుకున్నా. పోయిన వారమూ వేసుకున్నా. అంతకుముందు వారమూ."

తూనీగ సూదిని పళ్ళెంలో పెట్టేసింది.

"అంటే నా మందు బాగానే ఉంది" అంది తూనీగ నెమ్మదిగా. "యంత్రం బాగానే ఉంది. నేను బాగానే ఉన్నాను."

"నువ్వు బంగారమే తల్లీ."

"మీరు నన్ను తల్లీ అనకండి! పక్కనే నిలబడి చూశారు కదమ్మా! సీసాలకి సీసాలు పారబోస్తుంటే చూశారు. ఎందుకు చెప్పలేదు?"

"కుర్చీ పోతుందని."

"ఏ కుర్చీ? ఇదా?" తూనీగ ఆ కుర్చీని కాలితో తోసింది. రెక్సిను చిరిగి దూది బయటికొచ్చిన కుర్చీ అది. "వారం వారం సూది గుచ్చించుకోవడం పోతుందని ఏడ్చేవాళ్ళు ఉంటారా ఎక్కడైనా?"

నువ్వు అడుగుతావు కదా, అందుకని, అనే మాట అమ్మమ్మ నోటి దాకా వచ్చింది. అది ఎంత చిన్న మాటో ఆవిడకే తెలుస్తోంది. ఒక పిల్ల బతుకు తలకిందులు చేసి, అందుకు ఇదీ కారణమని ఎలా చెప్పడం?

తూనీగ కళ్ళు తుడుచుకుంది. "నన్ను మందుల సంగతి ఒక్కటే అడగమన్నారు, తెలుసా మీకు? నిద్ర పట్టిందా, తిన్నారా, ఎవరొచ్చారు, అవన్నీ ఎవరు అడగమన్నారనుకున్నారు? నా అంతట నేనే అడిగా. హాస్టల్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు, మంగళవారం మీరు మాట్లాడేవాళ్ళు. అడగాల్సిన ఆ ఒక్కదానికే అబద్ధం చెప్పారు."

మా అమ్మమ్మ చేతికున్న పట్టీ తనే విప్పుకుంది. అన్నాళ్ళూ సైన్సుకి జవాబు చెబుతున్నాననుకుంది. చెబుతున్నది ఒక మనిషికని ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి ఆ మనిషి మొహం తిప్పేసుకుంది.

కానీ వడ్రంగి రక్తం ఎదురుచూడదు. మధ్యాహ్నం దాటితే ఆ ట్యూబు పనికిరాదు. అప్పటికప్పుడు ఒక నార్మల్ మనిషి కావాలి.

"నువ్వే ఇవ్వచ్చు కదమ్మా" అంది అమ్మమ్మ.

"నేనూ వేసుకున్నా. ఈ తలనొప్పి ఎందుకొచ్చిందో మీకు తెలీదా?"

ఇద్దరూ ఆ అంతస్తంతా వెతకడానికి బయల్దేరారు. ఒకరు వరండాకి ఈ వైపు, ఇంకొకరు ఆ వైపు. పెద్దసారుని అడిగితే, గుండెకని రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటున్నానని, ఇంట్లో కూడా తెలియదని, గొంతు తగ్గించి చెప్పాడు. టైపిస్టు డ్రాయరు లాగితే మెడనొప్పి మాత్రలు గలగలమన్నాయి. ఎదురు లేబొరేటరీ కుర్రాడికి నడుము. మైక్రోస్కోపు ముందు కూర్చునే ఆవిడకి కళ్ళనొప్పి, దాంతో పాటు తల. ఊడ్చే ఆవిడ కొంగు ముడి విప్పి, "ఇది లేకపోతే నేను వంగలేనమ్మా" అని ఒక మాత్ర చూపించింది. ఆ అంతస్తులో ఇన్ని నొప్పులున్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎవరూ ఎవరినీ అడగలేదు మరి.

ఆఖరికి స్టోర్సు మిగిలింది. లేదుగారు అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా ఈమధ్య?"

"లేదు."

"బీపీకి?"

"లేదు."

"దగ్గుకి, జలుబుకి, దేనికైనా?"

"లేదు లేదు. అసలిక్కడ మాత్రల స్టాకే లేదు, పక్క బిల్డింగులో అడగండి."

"స్టాకు కాదండీ బాబూ, మీ ఒంట్లో!"

ఆయన తల ఎత్తి చూశాడు. ఆయన్ని ఒంటి గురించి ఎవరూ అడిగినట్టు లేదు. "ఒంట్లోనా? ఒంట్లో కూడా లేదు" అన్నాడు.

తీసుకొచ్చి ఆ చిరిగిన కుర్చీలో కూర్చోబెట్టారు. తూనీగ యంత్రం సిద్ధం చేస్తుంటే సూది అమ్మమ్మే పట్టుకుంది. పట్టీ కట్టి, నరం తడుముతూ, తనకి తెలియకుండానే అడిగేసింది.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"లేదు."

అది అలవాటు మీద అన్నాడో, నిజంగా అన్నాడో తెలియలేదు. "ఏం, ఎందుకని?" అంది.

"కుక్క పోయిందండీ. ముసలిది. రాత్రంతా గురక పెట్టేది. ఆ గురక లేకపోతే నాకు పట్టట్లేదు." ఆయన అట్టపెట్టెలని చూసినట్టే గోడని చూస్తున్నాడు. "ఎవరికైనా చెబుదామంటే, కుక్కేగా అంటారు."

"ఏ రంగు?"

"గోధుమరంగు. ఒక చెవి మాత్రం తెలుపు."

ఆయన ఆ చెవి గురించి చెబుతుండగానే రక్తం నిండింది. సూది ఎప్పుడు దిగిందో ఆయనకి తెలియలేదు. తూనీగ ఆ ట్యూబు అందుకుంది. ఊపితే ప్లేట్‌లెట్లు బెదిరిపోతాయి కాబట్టి నిండుకుండ పట్టుకున్నట్టు పట్టుకుని, అమ్మమ్మ వైపు చూడకుండా వెళ్ళింది.

లేదుగారి గీత లేచింది. దాని పక్కన వడ్రంగి గీత పడుకుంది. ఆ రోజు పని లెక్కలోకి వచ్చింది. తూనీగ తెర ముందు నిలబడి రెండు చేతులూ చూసుకుంది, తర్వాత మొహం దాచుకుంది. అమ్మమ్మ తలుపు దగ్గర నుంచే చూసి, గాజు గొట్టాలు కడగడానికి వెళ్ళిపోయింది.

పెద్దసారుకి తూనీగ ఏం చెప్పిందో ఏమో, ఆయన ఆవిణ్ణి తిట్టలేదు. "మొదలైందన్నమాట" అన్నాడు. ఆవిడ అనుకున్న మాటే, అక్షరం పొల్లుపోలేదు. ఆ తర్వాత కుర్చీ లేదుగారిది అయింది. ఆయనకి రక్తం తియ్యడం అమ్మమ్మ పని అయింది. మంగళవారం ఆయన వచ్చి కూర్చునేవాడు, ఆవిడ అడిగేది, ఆయన "లేదు" అని మొదలుపెట్టి చెప్పాల్సిందంతా చెప్పేవాడు. చెప్పడం అయ్యాక దూది నొక్కుకుని స్టోర్సుకి వెళ్ళిపోయేవాడు. మరి మీరెలా ఉన్నారని అడగాలని ఆయనకి తోచేది కాదు. కోపం తెచ్చుకోవడానికి లేదు, అమ్మమ్మకి కూడా ఇన్నాళ్ళూ ఎవరినీ అడగాలని తోచలేదు.

తూనీగ మళ్ళీ బల్లల మధ్య ఎగరడం మొదలుపెట్టింది. అమ్మమ్మతో పని మాటలే మాట్లాడేది. "ట్యూబులు అయిపోయాయి." "ఆ రాక్ ఇటివ్వండి." అంతే. అమ్మమ్మ సోమవారం సాయంత్రాలు అలవాటు కొద్దీ వీధిలో ఓ చుట్టు తిరిగొచ్చేది. చూసినవన్నీ ఎవరికి చెప్పాలో తెలియక ఇంట్లో అటూ ఇటూ నడిచేది.

ఒక మంగళవారం ట్యూబు అందిస్తుండగా తూనీగ ఆవిడ చెంప వైపు చూసింది. వాపు తెలుస్తోంది.

"పన్ను తీయించుకున్నారా?"

"ఇంకా లేదు."

"ఎన్నాళ్ళని? తీయించుకోండి" అని, ట్యూబు పట్టుకుని యంత్రం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మాట మీద మా అమ్మమ్మ వారమంతా గడిపేసింది. మళ్ళీ మంగళవారం వచ్చింది. తూనీగ మళ్ళీ అడిగింది, ఈసారి ఆగి అడిగింది. "తీయించుకున్నారా?" "ఇంకా లేదు." "నొప్పిగా లేదా?" "ఉంది. రాత్రిళ్ళు ఎక్కువ." "మరి?" అని ఆ పిల్ల విసుక్కుంది. విసుక్కున్నా సరే, అక్కడే ఒక నిమిషం నిలబడింది.

ఆ శనివారం అమ్మమ్మ పళ్ళ ఆసుపత్రికి వెళ్ళింది. చీటీ తీసుకుంది. చెంప పట్టుకున్న మనుషుల వరసలో కూర్చుంది. నర్సు తలుపు తీసి ఆవిడ వంతు వచ్చిందని పిలిచింది. అమ్మమ్మ లేచింది. చీర సర్దుకుంది. పన్ను పీకేస్తే, మంగళవారం ఆ పిల్ల ఏమడుగుతుంది?

"నాది కాదమ్మా, వీళ్ళని పంపించండి" అని పక్కన కూర్చున్న మనిషిని చూపించి, మెట్లు దిగి వీధిలోకి వచ్చేసింది. ఎండగా ఉంది. చెంప భగ్గుమంటోంది. నడుస్తూ నడుస్తూ నాలుకతో వెనకాలకి తడిమి చూసుకుంది.

అక్కడే ఉంది.